పిండికట్టు

ముప్ఫై ఒక్క ఏళ్లు రొట్టెలు కాల్చిన చేతులివి.
బేకరీ మూతపడ్డ ఏడాది
పోర్టిమావ్‌లో పాత సామాన్ల అంగడికి వెళ్లి
రాగి బట్టీ ఒకటి కొన్నాను.
ఇరవై లీటర్ల బొజ్జ, పక్కకు వాలిన పొడుగు మెడ,
బానలో నత్తలా చుట్టుకున్న గొట్టం.
తెచ్చి బల్ల మీద పెడితే
దారి తప్పి వంటింట్లోకొచ్చిన కొంగలా ఉంది.

దానికి కాగితం రాయించబోతే
గుమాస్తా తలెత్తకుండా అడిగాడు:
"అమ్మడానికా, సొంతానికా?"
నేర్చుకోవడానికి, అన్నాను.
ఆ గడి అతని ఫారంలో లేదు.

పక్కింటి బెల్మీరు వచ్చి
బొజ్జ మీద వేలితో కొట్టి విన్నాడు.
"ముందు నీళ్లు కాయి."
ఏమొస్తుంది?
"నీళ్లే."
నీళ్లు పోసి నీళ్లు తీశాను, మధ్యాహ్నమంతా.
వెనిగర్ పోసి ఒకసారి, మళ్లీ ఉత్త నీళ్లు.
పిచ్చి పని అనుకున్నాను గానీ
ఆవిరి ఎక్కడ గోడ దూకుతుందో
ఆ పూటే తెలిసింది:
తలా మెడా కలిసే చోట.

"పిండి పూయి. రై పిండి, గట్టిగా కలపాలి."
నాకు, పిండి గురించి!
నవ్వొచ్చింది. ఆ ఒక్క పనికీ
అతను నా చేతుల వంక చూస్తూ నిలబడ్డాడు.

పండ్లు మోన్షీక్ కొండవి.
ఆరేళ్ల కిందట ఆ కొండంతా కాలింది,
యూకలిప్టస్ చెట్లు టపాసుల్లా పేలాయి.
మెద్రోన్యు మాత్రం బొగ్గు కింది వేళ్ల నుంచి
మెల్లగా, ఎవరికీ చెప్పకుండా లేచింది.
నవంబరులో ఎక్కి చూస్తే
ఒకే కొమ్మన ఈ ఏటి పండు, పై ఏటి పువ్వు.
నాలుక మీద ఇసుకలా గరగర, ఆ తర్వాత తీపి.
రెండు పీపాలు నింపాను.
చలికాలమంతా మూత కింద గొణుగుతూనే ఉన్నాయి,
నిద్రలో మాట్లాడే ముసలాళ్లలా.

ఫిబ్రవరిలో మొదటి పీపా
మాడ్చేశాను.
పొయ్యంటే నాకు తెలిసిందొకటే, భగభగా మండాలి.
గుజ్జు అడుగంటింది.
గొట్టంలోంచి వచ్చినదానికి
తడి బూడిద వాసన, కాలిన కొండ వాసన.
బెల్మీరు ఒక చుక్క నాలుకకు రాసుకుని
ఏమీ అనలేదు. టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.
కిటికీ అద్దాలు తుడవడానికి పనికొచ్చింది.

రెండో పీపాకు
మంట కొవ్వొత్తంత.
ముందు ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు.
మెడ మీద అరచేయి పెట్టి
జ్వరం పాకినట్టు వేడి పైకి పాకడం చూశాను.
ఒక చుక్క.
తర్వాత ఇంకొకటి, ఆగి, ఆలోచించి.

"మొదటి గ్లాసు పారబొయ్యి. అది తల. తాగకూడదు."
నేను గట్టి రొట్టెను కూడా పారేసినదాన్ని కాదు,
పొడి చేసి దాచేదాన్ని.
అరచేతిలో పోసి రుద్ది వాసన చూపించాడు:
గోళ్ల రంగు సీసా మూత తీసినట్టుంది.
పారబోశాను.
ఆ తర్వాతది గుండె.
చివర తడి అట్టపెట్టె వాసన మొదలైతే అది తోక.
గుండె ఎక్కడ ఆగి తోక ఎక్కడ మొదలవుతుందో
గీత ఎవరూ గీయలేదు.
చిన్న గ్లాసులు వరసగా పెట్టి
ముక్కుతో వెతుక్కోవాలి.
ఎనిమిదో గ్లాసు దగ్గర మేమిద్దరం పోట్లాడుకున్నాం.
అతను తోకన్నాడు. నేను ఒప్పుకోలేదు.
అది విడిగా, కిటికీలో, ఇంకా ఉంది.

పీపాడు పండ్లకు ఒక సీసా, మీద కొంచెం.
తాగలేదింకా. కాస్త గాలి తగలనివ్వమన్నాడు.

మర్నాడు బట్టీ విప్పబోతే
మెడ చుట్టూ పిండి బిగుసుకుపోయి ఉంది.
చెంచాతో తడితే పెళుక్కున విరిగింది.
లోపలివైపు రాగి అంచు అచ్చు,
పైన గోధుమరంగు పొర.
అలవాటు, నోట్లో వేసుకున్నాను.
కరకరలాడింది.
బాగానే కాలింది.
ఉప్పు వేయడం మరిచాను.